మునగకొమ్మ విరగకముందే

మీ ఇంట్లో పిల్లవాడి ఫోన్‌కు ఈపాటికే ఒక లింకు వచ్చి ఉండొచ్చు. ‘జీటీఏ 6 మొబైల్‌లో వచ్చేసింది, అందరికంటే ముందు ఆడాలంటే ఇక్కడ నొక్కండి’ అని ఉంటుంది. నొక్కనివ్వకండి. జీటీఏ 6 ఇంకా విడుదలే కాలేదు. 2025లో వస్తుందన్న ఆట 2026 మే 26కు జరిగింది, అక్కడి నుంచి 2026 నవంబర్ 19కి జరిగింది. దాన్ని తయారుచేస్తున్న కంపెనీ ప్రకటించింది కూడా ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ యంత్రాలకే. ఫోన్‌లో ఆడే జీటీఏ 6 అనేదాన్ని కంపెనీ ఎక్కడా ప్రకటించలేదు. లేని ఆటకు లింకు పంపేవాడి కన్ను మీ ఫోన్‌లో ఉన్న బ్యాంకు ఖాతా మీద ఉంటుంది.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని ఆట చుట్టూ ఇప్పటికే పెద్ద సంత నడుస్తోంది. ట్రైలర్‌లో ఒక్కో దృశ్యాన్ని ఆపి ఆపి చూపించే వీడియోలు, ‘లీకైంది’ అనే పుకార్లు, తేదీ జరిగిన ప్రతిసారీ బూతుల వాన. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎందరో కుర్రాళ్లు ఈ సంతలోనే తిరుగుతున్నారు. నయీంనగర్ హాస్టల్ గదుల్లో లైటు ఆర్పాక కూడా ఫోన్ల వెలుగులో నడిచే కబుర్లలో సగం ఇవే.

ఆటల మీద నాకు కోపం లేదు. ఆడుకోనివ్వండి. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆట రాకముందు పుట్టే వెర్రి మోజు, వచ్చాక పుట్టే వెర్రి కోపం ఒకే చెట్టు కాయలు. మొదటిది మన పిల్లల జేబు ఖాళీ చేస్తుంది. రెండోది వాళ్ల నోటిని పాడుచేస్తుంది, ఒక్కోసారి పోలీస్ స్టేషన్ గడప దాకా లాక్కెళ్తుంది. రెండూ ముంచుకొచ్చే కాలం దగ్గర పడింది. అందుకే ఈ హెచ్చరిక.

గల్వాన్ పేరుతో వచ్చిన ఆట

ఈ జబ్బు ఎలా ముదురుతుందో మనం కళ్లారా చూశాం. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1న, తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. యాదగిరి చానల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు, హోంవర్క్‌కు వాట్సాప్. ఆ అవసరం కొద్దీ అప్పు చేసైనా సరే ఇంటింటికీ ఒక స్మార్ట్‌ఫోన్ వచ్చింది. మర్నాడే, సెప్టెంబర్ 2న, కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పిల్లలు జట్లుకట్టి ఆడే తుపాకుల ఆట పబ్జీ మొబైల్ ఒకటి. ఇంకో రెండు రోజులకు, సెప్టెంబర్ 4న, నటుడు అక్షయ్ కుమార్ ఒక కొత్త ఆట పేరు ప్రకటించారు: ఫౌజీ. ఎన్‌కోర్ గేమ్స్ తయారు చేస్తుంది, నికర రాబడిలో 20 శాతం అమర జవాన్ల కుటుంబాలకు సాయం చేసే ‘భారత్ కే వీర్’ నిధికి వెళ్తుంది అన్నారు. పేరులో ప్రాస కుదిరింది, ప్రకటించిన రోజూ కుదిరింది. పబ్జీ పోయిన చోటికి ఫౌజీ వస్తోందని అందరూ అనుకోవడానికి ఆ రెండూ చాలాయి.

పైగా ఆ ఆటకు ఎంచుకున్న కథ గల్వాన్ లోయ. 2020 జూన్ 15 రాత్రి అక్కడ మన సైనికులు 20 మంది నేలకొరిగారు. వారిని ముందుండి నడిపించిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వార్త విన్న రోజు మన జిల్లాల్లో కళ్లు చెమర్చని ఇల్లు లేదు. అంత పచ్చిగా ఉన్న దుఃఖం మీద ఒక ఆటను నిలబెట్టారు. డౌన్‌లోడ్ చేసుకోవడమే దేశభక్తి అన్న భావన పిల్లల్లో పాకింది. నవంబర్ 30న ముందస్తు నమోదు తెరిస్తే ఒక్క రోజులో 10 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. విడుదల నాటికి ఆ లెక్క 40 లక్షలు దాటింది. అసలు ఆట రాకముందే ఆ పేరుతో నకిలీ యాప్‌లు కూడా పుట్టుకొచ్చాయి.

అక్టోబర్ అన్నారు, నవంబర్ అన్నారు, చివరికి 2021 జనవరి 26న విడుదల చేశారు. ఆ ముందు సాయంత్రమే కల్నల్ సంతోష్ బాబుకు మరణానంతర మహావీర చక్ర ప్రకటించారు. మర్నాడు జెండా వందనం అయ్యాక నేను హనుమకొండ కుమార్‌పల్లిలో మా అక్క వాళ్లింటికి వెళ్లాను. మేనల్లుడు అప్పుడు తొమ్మిదో తరగతి. గడప మీద కూర్చుని, ఛార్జర్ వైరు గోడకు, కళ్లు తెరకు అతికించి ఆడుతున్నాడు. మూడు నెలలుగా వాడి నోట ఆ ఆట మాటే. అరగంట తిరక్కుండా వాడి ముఖం మాడిపోయింది.

‘‘మామా, గిదేం గేమ్? ఒక్క తుపాకి లేదు. పిడిగుద్దులు గుద్దుడు, కట్టెతోని కొట్టుడు, గంతే. దోస్తులతోని ఆడెటట్టు గూడ లేదు.’’

వాడన్నది నిజమే. ఆ రోజు వచ్చిన ఫౌజీలో ఒంటరిగా ఆడే కథ ఒక్కటే ఉంది. చేతికి అందిన ఆయుధంతో పోరాటం, దెబ్బలు తగిలితే చలిమంట పక్కన కూర్చుని బలం కూడగట్టుకోవడం. నలుగురు స్నేహితులు జట్టుకట్టి ఆడే వీలు అప్పటికి లేదు. వాడు ఆటలోంచి బయటికొచ్చి ప్లే స్టోర్ తెరిచాడు. వేలు గబగబా కదులుతోంది.

‘‘ఏం రాస్తున్నవ్ ర?’’

‘‘ఒక్క స్టార్ ఇస్తున్న. మా గ్రూపోళ్లం అందరం ఇస్తున్నం.’’

ఒంగి చూశాను. నక్షత్రం కింద రాసిన నాలుగు వాక్యాల్లో ఆట గురించి ఒక్క ముక్క లేదు. తయారు చేసినవాళ్ల తల్లుల గురించి ఉంది. ‘‘వాళ్లెవరో నీకు ఎరికేనా?’’ అని అడిగితే తల ఎత్తకుండానే ‘‘తెల్వదు’’ అన్నాడు. ముందు రోజు రాత్రి దాకా దేవుళ్లలా కొలిచినవాళ్లను తెల్లవారేసరికి బజారుకీడ్చాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు.

వాడొక్కడే అయితే రెండు మొట్టికాయలతో పోయేది. అలాంటి చేతులు లక్షల్లో కదిలాయి. వారం తిరక్కుండా ప్లే స్టోర్‌లో ఫౌజీ రేటింగ్ మూడు నక్షత్రాల దగ్గరికి దిగిపోయింది. అందులో న్యాయమైన అసంతృప్తి ఉంది, కాదనను. కానీ చాలామంది ఫిర్యాదు ఆట బాగోలేదని కూడా కాదు, అది పబ్జీ కాదని. అది పబ్జీ అని వాళ్ల మనసులో నాటింది మాత్రం విడుదలకు ముందు నడిచిన అయిదు నెలల ఊదర.

ఎక్కించేవాడు, విరిచేవాడు

మునగచెట్టు ఎక్కించడం అనే మాట మన పెద్దలు ఊరికే పుట్టించలేదు. మునగ కొమ్మ పచ్చగా ఉంటుంది, ఎక్కడానికి అందుబాటులోనూ ఉంటుంది. బరువు మోపితే పెళుక్కున విరుగుతుంది. ఎక్కమన్నవాడు నేల మీదే ఉంటాడు, నడుం విరిగేది ఎక్కినవాడికే.

ఆటల వ్యాపారంలో ఎక్కించే పని ఎలా జరుగుతుందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మొదట ఒక ట్రైలర్ వస్తుంది. సినిమాలా తీసిన ఆ రెండు నిమిషాల్లో ఆడే తీరు చాలాసార్లు కనిపించదు. తర్వాత ముందస్తు నమోదు. ఎంతమంది చేరారో అంకె పైకి పైకి చూపిస్తారు. అంత మంది ఉన్నారంటే మనమూ ఉండాలనిపిస్తుంది. ఆ తర్వాత ముందుగా డబ్బు కట్టినవాళ్లకు ప్రత్యేక దుస్తులు, ప్రత్యేక ఆయుధాలు. వస్తువు చూడకముందే వెల కట్టించే ఏర్పాటు ఇది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బస్తా కోసి చేతిలోకి పోసుకుని చూడందే ఎవరూ మిర్చి కొనరు. అదే ఇంటి పిల్లవాడు కళ్లతో చూడని ఆటకు డబ్బు కడుతున్నాడు.

వీటన్నిటికీ గొంతు ఇచ్చేది వీడియోలు చేసే గేమర్లు. అందరూ చెడ్డవాళ్లని అనను. ఓపికగా ఆడి, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు తెలుగులోనూ ఉన్నారు. కానీ కొందరి తీరు గమనించండి. ఆట రాకముందు ‘చరిత్ర తిరగరాసే గేమ్’ అని వీడియో పెడతారు, లక్షల మంది చూస్తారు. వచ్చిన మూడో రోజు ‘అట్టర్ ఫ్లాప్, మోసపోయాం’ అని అదే ముఖంతో ఇంకో వీడియో, దాన్నీ లక్షల మంది చూస్తారు. చెట్టెక్కించినందుకు ఒక రాబడి, కొమ్మ విరిచినందుకు ఒక రాబడి. కింద పడ్డ పిల్లవాడికి మిగిలింది ఖాళీ డేటా ప్యాకు, గొంతు దాకా కోపం. డబ్బో బహుమతో తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే నియమాలు ఇచ్చింది. మీ పిల్లవాడు నమ్మే వీడియోలో ఆ మాట ఎక్కడైనా వినిపించిందా? పక్కన కూర్చుని ఒక్కసారి వినండి.

మోజు ఉన్నచోటే మోసగాడు

నిషేధాలు వచ్చినప్పుడల్లా ఈ మోజు ఇంకా ముదిరింది. 2021 జూలై 2న పబ్జీ స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 ఫిబ్రవరి 14న ఫ్రీ ఫైర్ నిషేధ జాబితాలో చేరింది. 2022 జూలై 28న బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ 2023 మే నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. ఆ పది నెలలూ ‘ఇవాళ వస్తోంది, రేపు వస్తోంది’ అన్న పుకార్ల మీదే పిల్లలు బతికారు. దొంగ ఏపీకే ఫైళ్లు, నకిలీ రిడీమ్ కోడ్‌లు, తక్కువ ధరకు యూసీ (ఆటలో కొనుగోళ్లకు వాడే నాణేలు) ఇస్తామనే ఖాతాలు, ‘ఐడీ అమ్ముతాం’ అనే టెలిగ్రామ్ గ్రూపులు ఆ పుకార్ల నీడనే పెరిగాయి.

ఒక సాయంత్రం హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మొబైల్ రిపేరు దుకాణంలో నా ఫోన్ బ్యాటరీ మార్పిస్తున్నాను. యాభై దాటిన ఒక రైతు వచ్చాడు. భుజాన కండువా, చేతి సంచిలో పాత ఫోన్. ‘‘తమ్మీ, ఇండ్ల పైసలు పోయినయి, జర చూడు’’ అన్నాడు. దుకాణం కుర్రాడు ఎస్సెమ్మెస్‌లు ఒక్కొక్కటే తీసి చదివాడు. రాత్రి పదకొండున్నర నుంచి పన్నెండు లోపల నాలుగుసార్లు డబ్బు వెళ్లింది. మిర్చి అమ్మగా ఖాతాలో పడ్డ డబ్బు. పక్కన నిలబడ్డ కొడుకు పదహారేళ్లవాడు, కాలి బొటనవేలితో నేల గీకుతున్నాడు. కొత్త సీజన్‌లో కొత్త తుపాకీ రంగు కోసం ఎవడో చెప్పిన యాప్ వేసుకున్నాడు. ఓటీపీ వచ్చింది, చెప్పాడు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. ‘‘నాకు చెప్తే నేనే కొనిద్దును గద బిడ్డా’’ అన్నాడు. ఆ మాటకు పిల్లవాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇలాంటప్పుడు సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఇంకొక మాట. ‘వంద కట్టి మ్యాచ్ ఆడు, గెలిస్తే వెయ్యి’ అనే గ్రూపుల్లోకి పిల్లల్ని లాగుతున్నారు. ఆన్‌లైన్‌లో డబ్బు పణంగా పెట్టే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ గ్రూపులో ఉండటమే ప్రమాదం, గెలుపోటముల దాకా పోనక్కరలేదు.

తిట్టు ఎవరికి తగులుతుంది?

కోపం సంగతికి వద్దాం. నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇదే.

2016లో బ్రిటన్‌లో పదీపదిహేను మంది కలిసి ‘నో మ్యాన్స్ స్కై’ అనే ఆట చేస్తున్నారు. విడుదల కొన్ని వారాలు వాయిదా వేస్తే, చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. 2020 అక్టోబర్‌లో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ ‘సైబర్‌పంక్ 2077’ను మూడు వారాలు జరిపినప్పుడు అక్కడి ఉద్యోగులకూ అదే అనుభవం. అదే ఏడాది జూన్ 19న వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్ 2’ పూర్తి చేయడానికి ఇరవై గంటల పైన పడుతుంది. విడుదలైన కొన్ని గంటల్లోనే వేలమంది మెటాక్రిటిక్ అనే సమీక్షల వెబ్‌సైట్‌లో సున్నాలు వేసేశారు. ఆ తర్వాత, ఆట వచ్చిన 36 గంటల దాకా ఎవరూ మార్కులు వేయకుండా ఆ సంస్థ నియమమే మార్చుకోవాల్సి వచ్చింది. అందులో ఒక పాత్రకు ప్రాణం పోసిన నటి లారా బెయిలీకి, ఆ పాత్ర కథలో చేసిన పనికిగాను, చంపుతామని సందేశాలు వచ్చాయి. ఆమె పసిబిడ్డనూ వదల్లేదు.

మాటలతో ఆగుతుందన్న భరోసా కూడా లేదు. 2017 డిసెంబర్ 28న అమెరికాలో, ఒకటిన్నర డాలర్ పందెం మీద ఇద్దరు కాల్ ఆఫ్ డ్యూటీ ఆటగాళ్లు గొడవపడ్డారు. అందులో ఒకడి పురమాయింపుతో మూడోవాడు పోలీసులకు దొంగ ఫోన్ చేసి, కాన్సస్ రాష్ట్రం విచిటా నగరంలోని ఒక ఇంటి చిరునామా చెప్పి అక్కడ హత్య జరిగిందన్నాడు. పోలీసులు వచ్చి తలుపు దగ్గర కాల్చింది ఆ గొడవతో ఏ సంబంధమూ లేని మనిషిని. ఫోన్ చేసినవాడికి ఇరవై ఏళ్ల శిక్ష పడింది. పోయిన ప్రాణం తిరిగి రాలేదు.

అదంతా పరాయి దేశంలో అనుకోకండి. అభిమానం అదుపు తప్పితే ఏమవుతుందో మనకూ తెలుసు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు చావు అంచు దాకా వెళ్లాడు. హీరోల పేర్లతో ఒకరినొకరు బూతులు తిట్టుకునే అలవాటు మన కుర్రాళ్లకు ముందే ఉంది. ఇప్పుడు అదే నోరు ఆటల మీదికి తిరిగింది, అంతే.

ఆ తిట్లు మనవాళ్లకే తగులుతున్నాయి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి అంతర్జాతీయ కంపెనీ పనిచేస్తోంది. దేశంలోని ఆటల తయారీదారుల సదస్సు 2022 నుంచి 2024 దాకా వరుసగా మూడేళ్లు అక్కడే జరిగింది. మన జిల్లాల పిల్లలు బొమ్మలు గీసి, కోడ్ రాసి ఈ రంగంలో అన్నం తింటున్నారు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి అలాంటి ఒక స్టూడియోలో పనిచేస్తుంది. పాత కోటల గోడలు, రాళ్ల మీద పాచి, పగుళ్లు గీయడం ఆమె పని. సెలవుకు వచ్చినప్పుడల్లా ఖిలా వరంగల్ వెళ్లి రాళ్ల ఫొటోలు తీసుకునేది. పోయిన సంక్రాంతికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆమె పేరు వెతికి పట్టుకుని పంపిన సందేశాలు. నాలుగు చదివి అయిదోది చదవలేకపోయాను. ఆడపిల్ల అని తెలిశాక వాటి రంగే మారిపోయింది.

‘‘సార్, గేమ్ ఎప్పుడు విడుదల చెయ్యాలో నన్నెవరడిగిన్రు? ఎంత రేటు పెట్టాలో నన్నెవరడిగిన్రు? నేను గోడ మీద పాచి గీసిన సార్, అంతే’’ అంది.

ఇంతకంటే స్పష్టంగా ఈ అన్యాయాన్ని ఎవరూ చెప్పలేరు. తేదీ నిర్ణయించేది పైవాళ్లు, ధర పెట్టేది పైవాళ్లు, ట్రైలర్‌లో గొప్పలు చెప్పేది ప్రచార విభాగం. తిట్లు మాత్రం చేతికి అందే ఉద్యోగికి. మనది పాలంపేట గుడిని చెక్కిన శిల్పి పేరుతో రామప్ప అని పిలుచుకుంటున్న సీమ. ఎనిమిది వందల ఏళ్లుగా పనివాడి పేరును నెత్తిన పెట్టుకున్న చోట పుట్టి, రాత్రంతా మేలుకుని గోడలు గీసిన పిల్లను బూతులాడటం మనకు తగునా?

కోపానికీ ఒక పద్ధతి ఉంది

డబ్బు పెట్టి కొన్నవాడికి అడిగే హక్కు ఉంది. ఆ హక్కు వదులుకోమని నేననను. పద్ధతిగా అడిగితే పెద్ద కంపెనీలు కూడా దిగివచ్చాయి. 2017 నవంబర్‌లో ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’లో డబ్బు పెట్టినవాడే గెలిచేలా ఆటలో వాడే వస్తువుల పెట్టెలు అమ్ముతున్నారని ఆటగాళ్లు ఒక్కటై నిలదీస్తే, విడుదల ముంగిట ఆ కొనుగోళ్లను ఆపేశారు. సైబర్‌పంక్ పాత ప్లేస్టేషన్‌లో సరిగా నడవలేదని ఆధారాలతో చూపిస్తే, 2020 డిసెంబర్ 17న సోనీ ఆ ఆటను తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. 2024 మేలో ‘హెల్‌డైవర్స్ 2’ ఆడాలంటే సోనీ ఖాతా తప్పనిసరి అన్నప్పుడు, ఆ ఖాతా తెరిచే వీలే లేని దేశాలవాళ్లు ఎన్నో ఉన్నారని చూపుతూ రెండు లక్షల పైచిలుకు ప్రతికూల సమీక్షలు రాశారు. మూడు రోజుల్లో సోనీ వెనక్కి తగ్గింది.

ఈ మూడు చోట్లా కంపెనీని దించింది ఫలానా తప్పు, ఫలానా సరిదిద్దుబాటు అని వేలెత్తి చూపగలిగిన కోపం. ఇక నో మ్యాన్స్ స్కై చేసినవాళ్లు ఏళ్ల తరబడి ఉచితంగా మెరుగులు దిద్దుతూ పోయారు. ఒకనాడు దుమ్మెత్తిపోసిన ఆటకే 2024 నాటికి స్టీమ్ అనే ఆటల స్టోర్‌లో మంచి పేరు వచ్చింది. బెదిరించినవాడి వల్ల ఆ ఆట బాగుపడలేదు, ఓపిగ్గా లోపాలు రాసి పంపినవాళ్ల వల్ల, పని వదలనివాళ్ల వల్ల బాగుపడింది.

బెదిరింపు మాత్రం నేరం. కొత్త భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం బెదిరింపుకు రెండేళ్ల దాకా, చంపుతామని బెదిరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పేరు దాచి పంపితే శిక్ష తగ్గదు, దానికి అదనంగా ఇంకో రెండేళ్ల దాకా పడే వీలుంది. దొంగ ఐడీ వెనక దాక్కున్నామనుకునే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పండి. కేసు పడితే రేపు ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకూ అడ్డు రావచ్చు.

ఇప్పుడే చేయవలసినవి

పిల్లలకు: విడుదలకు ముందు పర్సు మూయండి, విడుదల తర్వాత మొదటి రెండు రోజులు నోరు మూయండి. ముందుగా డబ్బు కట్టకండి. ఆట డిజిటల్ సరుకు. ముందు కొననివాడికి అయిపోయింది అనే మాట ఉండదు. ఏ ఆటైనా ప్లే స్టోర్, యాప్ స్టోర్, స్టీమ్, ప్లేస్టేషన్ స్టోర్ లాంటి అసలు చోటు నుంచే తీసుకోండి. టెలిగ్రామ్‌లో వచ్చిన ఏపీకే ముట్టకండి. కొన్నాక నచ్చకపోతే తిట్టేముందు డబ్బు వెనక్కి అడగండి. స్టీమ్‌లో రెండు గంటల లోపు ఆడి, 14 రోజుల లోపు అడిగితే ఇస్తారు. గూగుల్ ప్లేలో 48 గంటల లోపు అడగవచ్చు. సమీక్ష రాసేటప్పుడు ఎంతసేపు ఆడారో, ఏ ఫోన్‌లో ఆడారో, ఏది నచ్చలేదో రాయండి. ఆటను ఎంతైనా విమర్శించండి, మనిషి జోలికి పోకండి.

తల్లిదండ్రులకు: బ్యాంకుకు ముడిపడిన ఫోన్, పిల్లవాడు ఆడే ఫోన్ వేరుగా ఉండాలి. కుదరకపోతే యూపీఐ పిన్ మీ దగ్గరే ఉంచుకోండి, కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. బీజీఎంఐ లాంటి ఆటల్లో 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటల హద్దు పెట్టారు. మీ వాడు మీ వయసు వేసి ఆ హద్దు దాటాడేమో చూడండి. నిద్ర, తిండి మానేసి, ఆట ఓడిపోతే గోడకు తల కొట్టుకునే స్థితి కనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడతారు.

కళాశాలలకు: ఎన్ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ చదివే పిల్లలు ఎందరో ఉన్నారు. జీటీఏ 6 వచ్చేలోపల ప్రతి కాలేజీలో ఒక్క పూట పెట్టండి. ఆట ఎలా తయారవుతుందో, తేదీలు ఎందుకు జరుగుతాయో చేసేవాళ్ల చేతనే చెప్పించండి. ఒక్క చిన్న ఆట తన చేత్తో చేసి చూసిన కుర్రాడు ఇంకెప్పుడూ చేసినవాడి తల్లిని తిట్టడు.

వీడియోలు చేసే తెలుగు గేమర్లకు: తమ్ముళ్లూ, మిమ్మల్ని అన్నా అని పిలిచే పిల్లలు తండ్రి మాట కంటే మీ మాట ఎక్కువ వింటున్నారు. డబ్బు తీసుకుంటే తీసుకున్నామని చెప్పండి. ఆడకుండా ఆకాశానికెత్తకండి, ఆడకుండా పాతాళానికి తొక్కకండి. కామెంట్లలో ఎవరి పేరో, ఫోన్ నంబరో పెట్టి వెంటపడండని ఎవడైనా రాస్తే అదే నిమిషంలో తీసేయండి.

మా మేనల్లుడు ఇప్పుడు బీటెక్ చదువుతున్నాడు. మొన్న వాణ్ణి అడిగాను, ఆనాటి ఫౌజీ సంగతి గుర్తుందా అని. ‘‘గేమ్ గుర్తులేదు మామా’’ అన్నాడు. కాసేపాగి, ‘‘నేను రాసింది గుర్తుంది’’ అన్నాడు. తర్వాత ఎప్పుడో వెళ్లి అది తీసేశాడట. ఎవరూ చెప్పకుండానే.

ప్రతి పిల్లవాడూ చెప్పకుండానే తెలుసుకుంటాడని కూర్చునే వ్యవధి లేదు. ఈ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు అడగండి: ‘‘ఏ గేమ్ కోసం చూస్తున్నవ్ బిడ్డా?’’ అడిగి, ఫోన్ లాక్కోకుండా, మధ్యలో తిట్టకుండా, చెప్పింది చివరిదాకా వినండి. ఆ ఒక్క ప్రశ్న అడిగిన ఇంట్లో, దొంగ లింకు వచ్చిన రోజు పిల్లవాడు దాన్ని నొక్కేముందు మీకు చూపిస్తాడు.